జజీరా మీద ఒక ఇత్వార్



సంక్రాంతి సెలవులకు మా ఆపా పిల్లలు హైదరాబాదు నుంచి కోటకు వచ్చారు. దిగిన పూటే జిద్దు మొదలైంది. "మామూ, బీచ్‌కి పోదాం. ఉత్త బీచ్ కాదు, ఐలాండ్ బీచ్." ఫోన్లో మాల్దీవుల వీడియోలు చూసి చూసి వాళ్ళ బుర్రల్లో జజీరా అంటే తెల్ల ఇసుక, నీలం నీళ్ళు, వంగిన కొబ్బరిచెట్టు అని పడిపోయింది. నేను ఆలోచించకుండా "దానికి మాల్దీవులు ఎందుకురా, మన పక్కనే ఉంది పెద్ద జజీరా" అన్నాను. మాట జారింది. ఇక ఇత్వార్ ప్రోగ్రాం ఖరారు చేయక తప్పలేదు.

ఆ రాత్రి ఇషా తరవాత దస్తర్‌ఖాన్ ఎత్తేసి అందరం మష్వరాకు కూర్చున్నాం. పిల్లలకు అలలు కావాలి. అమ్మీకి వేనాడు దర్గా జియారత్ కావాలి, ఎన్నాళ్ళ నుంచో మన్నత్ ఉందట. ఎనభై దాటిన మా అబ్బాకు దుగరాజపట్నం పక్కన కాలువ గట్టు మీద ఒక గంట కూర్చుంటే చాలట. మా బేగంకి ఒకటే ఫికర్: అక్కడ బాత్రూం ఉందా, లేదా. (ఈ ఒక్క సవాలుకు జవాబు చెప్పగలిగినవాడే అసలైన టూర్ ప్లానర్ అని నా అనుభవం.) నేను నక్షా తెరిచాను. తెరిచాక ప్రోగ్రాం పక్కకు పోయి తారీఖ్ ముందుకొచ్చింది. మేం చదువుకున్న బళ్ళో పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో సహా చెప్పారు. ఇంటి ముందున్న ఈ సాహిల్ ఖిస్సా మాత్రం ఎవరూ చెప్పలేదు.

నక్షాలో చూడండి. స్వర్ణముఖి శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా వచ్చి మా కోట, వాకాడు ప్రాంతం దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. అక్కడి నుంచి వేలు దక్షిణానికి జరిపితే తీరం రెండుగా చీలినట్టు కనబడుతుంది. పడమట పులికాట్ సరస్సు. ఒడిశాలో ఉన్న చిలికా తరవాత దేశంలో ఇదే పెద్ద ఉప్పుటేరు సరస్సు. తూర్పున సమందర్. రెంటి మధ్యా సన్నగా, పొడుగ్గా పడుకున్న ఇసుక నేల శ్రీహరికోట. 175 చదరపు కిలోమీటర్ల జజీరా, 50 కిలోమీటర్ల సముద్రతీరం. ఇంత దగ్గర్లో ఇంత పెద్ద ఐలాండ్ బీచ్ ఉన్న పిల్లలు ఆంధ్రాలో ఎంతమంది ఉంటారు? కానీ మన పిల్లలు ఆ ఒడ్డున ఒక్క గవ్వ కూడా ఏరుకోలేరు. అది రాకెట్ల అడ్డా. సూళ్ళూరుపేట నుంచి సరస్సు మీదుగా రోడ్డు పోతుంది, చలికాలంలో రెండు పక్కలా ఫ్లెమింగోలు నిలబడి ఉంటాయి, రోడ్డు చివర గేటు ఉంటుంది. ఇజాజత్ లేనిదే గేటు దాటేది లేదు.

ఇజాజత్. ఈ ఒక్క లఫ్జ్ పట్టుకుని వెనక్కి పోతే నాలుగు వందల ఏళ్ళ కథ మొత్తం దొరుకుతుంది. ఈ తీరానికి ఎవరెవరు వచ్చారు, ఎవరిని అడిగి వచ్చారు, ఎవరిని అడగలేదు అన్నదే కథ.

ముందు అబ్బా కూర్చోవాలనుకున్న చోటికి పోదాం. దుగరాజపట్నం వాకాడు మండలంలో ఉంది. పాత ఇంగ్లీషు కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. ఆ రోజుల్లో వాళ్ళకు సాయం చేసిన ఆరుముగం ముదలియార్ అనే స్థానికుడి పేరు మీదుగా ఆ పేరు వచ్చిందంటారు. 1625-26లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు అక్కడి నాయకుడి ఇజాజత్ తీసుకుని తిజారత్ మొదలుపెట్టారు. ఫ్యాక్టరీ అని రాసుకున్నారు కానీ పొగగొట్టాలు ఊహించుకోకండి. అది గోదాము. నేతగాళ్ళకు బయానా ఇచ్చి, బట్టలు కొని, ఓడ వచ్చేదాకా భద్రం చేసుకునే ఇల్లు.

అంతకు ముందే వాళ్ళకు మచిలీపట్నంలో కొఠీ ఉంది. అది కుతుబ్ షాహీల బందరు. సుల్తాన్ గోల్కొండలో, హాకింలు బందరులో. సరుకు కదిలితే సుంకం, ఆగితే నజరానా. గొడవలు ముదిరి 1628లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నం వదిలేసి, మూటాముల్లె సర్దుకుని ఆర్మగాన్‌కు చేరారు. ఇక్కడ గోదాము చుట్టూ 12 ఫిరంగులు పెట్టుకున్నారు. గుమాస్తాలూ సిపాయిలూ కలిపి 23 మంది. హిందుస్తాన్‌లో ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులతో పటిష్ఠం చేసుకున్న మొదటి ఠికానా ఇదేనని చరిత్రకారులు రాస్తారు. "కోటలో కోట ఎక్కడ మామూ?" అని మా బుడ్డోడు అడిగినప్పుడు నేను చెప్పిన జవాబు ఇదే. ఫిరంగులున్న కోట పక్క మండలంలో ఉండేదిరా, పన్నెండేళ్ళకే మూసేశారు.

ఎందుకు మూసేశారు? ఈ తీరంలో సమందరం ఓడల మీద దయ చూపదు. దగ్గరికి రాకుండా ఇసుక మేటలు. బట్టలు చూస్తే వాళ్ళు కోరిన నాణ్యంలో, కోరిన ధరకు దొరకలేదు. స్థానిక నాయకుడితో పొసగలేదు. అటు గోల్కొండలో సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా 1632లో వాళ్ళకు ఫర్మాన్ ఇచ్చాడు. ఏడాదికి 500 హొన్నులు కట్టి తన బందర్లలో బేఫికర్‌గా వ్యాపారం చేసుకొమ్మన్నాడు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని బంగారు ఫర్మాన్ అని మురిసిపోయారు. మచిలీపట్నం తలుపు మళ్ళీ తెరుచుకుంది. అయినా బట్టల కోసం దక్షిణాన ఇంకో జాగా కావాలి. ఆర్మగాన్ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే తీరం వెంబడి వెతుక్కుంటూ పోయి, 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడి దగ్గర ఒక ఇసుక దిబ్బ సంపాదించాడు. 1640 మొదట్లో ఆర్మగాన్ మనుషులూ సరుకూ ఓడలెక్కి అక్కడికి చేరారు. ఆ ఇసుక దిబ్బ పేరు మద్రాసు.

నాకు ఈ సంగతి తెలిసిన రోజు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా తాతల కాలం నుంచి పెళ్ళి బట్టలకు మద్రాసు, పెద్ద రోగానికి మద్రాసు, నౌకరీకి మద్రాసు. ఆ మద్రాసు మా పక్క ఊరు ఖాళీ చేసి పుట్టిందా! అబ్బాతో చెబితే ఆయన తాపీగా, "అందుకేరా, మన కట్టెలు కూడా అక్కడికే పోయేవి" అన్నాడు.

కట్టెల మాట నిజం. మద్రాసు పెరిగింది, పొయ్యిలు పెరిగాయి. ఆ పొయ్యిల్లోకి శ్రీహరికోట అడవి పోయింది. 1835లో ఈ జజీరా కుంపిణీ సర్కారు చేతికి వచ్చాక అక్కడి అడవిని మద్రాసు వంటచెరకు కోసమని కాపాడారు. కాపాడటం అంటే నరికే హక్కు తమ దగ్గర ఉంచుకోవటం అని అర్థం చేసుకోవాలి. కట్టెలు పోయే దారి కాలువ. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వింది ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి సాగింది. 1876-78 కరువులో ఆకలితో ఉన్న జనం చేత కూలికి తవ్వించి ముక్కలు కలిపారు, అప్పటి గవర్నర్ పేరు పెట్టారు. అదే బకింగ్‌హామ్ కాలువ. అటు తమిళ దేశం నుంచి ఇటు పెదగంజాం దాకా 420 కిలోమీటర్ల చిల్లర. మా సాహిల్ పొడవునా ఒక పక్క సమందరం హోరు, ఇంకో పక్క ఈ కాలువ మౌనం.

అబ్బా చిన్నప్పుడు ఆ కాలువలో తెరచాప పడవలు చూశాడు. కట్టెలు, ఉప్పు, సున్నం చేసే గుల్లలు. గాలి లేనప్పుడు మల్లాహ్‌లు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారట. ఒకసారి పడవవాడు ఈయన్ని ఎక్కించుకుని రెండు మైళ్ళు తీసుకుపోయి దింపాడు. తిరిగి నడిచొచ్చేసరికి మగ్రిబ్ అయింది, దాదీ చేత తన్నులు పడ్డాయి. ఆయనకు ఆ కాలువ గట్టు మీద ఒక గంట ఎందుకు కావాలో ఇప్పుడు మీకూ అర్థమై ఉంటుంది.

ఇక అడగని వాళ్ళ సంగతి. శ్రీహరికోట అడవిలో ఇంగ్లీషువాడి కన్నా ముందు నుంచీ, నాయకుల కన్నా ముందు నుంచీ ఉన్నవాళ్ళు యానాదులు. తేనె, దుంపలు, చేపలు వాళ్ళ రోజీ. ఈ ఇసుక నేలల్లో దొరికే చిరివేరును తవ్వి తెచ్చేదీ వాళ్ళే. ఆ వేరు నుంచి వచ్చే ఎర్ర రంగు కోసమే దేశదేశాల సౌదాగర్లు కోరమాండల్ బట్టల వెంటపడ్డారు. వాళ్ళ బట్టల మీద సుంకం గురించి ఫర్మాన్లు ఉన్నాయి, రంగు తెచ్చిన చేతి గురించి ఏ ఫర్మానూ లేదు. కుంపిణీ వచ్చినప్పుడు వాళ్ళు అడవి సరుకులు తెచ్చే కూలీలయ్యారు. ఆ తరవాతి కాలంలో తెల్లదొరల చట్టం యానాదులను పుట్టుకతోనే నేరస్థుల జాబితాలో రాసింది. మన నెల్లూరు జిల్లావాడే వెన్నెలకంటి రాఘవయ్య గారు ఆ ముద్ర చెరపటానికి జిందగీ అంతా తిరిగారు, యానాదుల మీద పెద్ద పుస్తకమూ రాశారు. ప్రభుత్వం 1973లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది.

1969లో రాకెట్ల కోసం ఈ జజీరాను ఎంచుకున్నారు. కారణాలు బలమైనవే. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి రాకెట్‌ను తూర్పుకు వదిలితే ఆ వేగం ఉత్తపుణ్యానికి కలిసొస్తుంది. తూర్పున అంతా నీళ్ళే, ముక్కలు పడినా ఎవరి నెత్తిన పడవు. జనం తక్కువ. ఆ "తక్కువ జనం" అన్న లెక్కలో ఉన్నవాళ్ళే ఊళ్ళు ఖాళీ చేశారు. యానాది కుటుంబాలు కొన్ని లోపలే మిగిలాయి, చాలామంది సరస్సు ఇవతలి ఒడ్డుకు చేరారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ ఎగరటంతో అక్కడ కొత్త జమానా మొదలైంది.

నేను రాకెట్లకు ఖిలాఫ్ కాదు. ఎలా అవుతాను? ఈ జజీరా పేరు చెప్తే ముందు నాకు గుర్తొచ్చేది కలాం సాబ్. ఆయన ఇంకో జజీరాలో పుట్టాడు, రామేశ్వరంలో, 1931లో. తండ్రి జైనులాబ్దీన్ గారికి పడవ ఉండేది, యాత్రికులను ధనుష్కోడికి దాటించేవారు. ఆ పడవ తుఫానులో పోయింది. ఆ పడవవాడి కొడుకు మా జజీరాకు వచ్చి 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు ఉన్న ఎస్‌ఎల్‌వి-3ని నిలబెట్టాడు. 1979 ఆగస్టు 10న అది ఎగిరి బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు అఖ్బార్లవాళ్ళ ముందుకు ఆయన్ని పంపకుండా ధావన్ సాబ్ తానే కూర్చుని జవాబు చెప్పాడు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రోజు మాత్రం మైకు కలాం సాబ్‌కు ఇచ్చాడు. మన పిల్లలకు ఎవరైనా లీడర్ అంటే ఏమిటని అడిగితే నేను ఈ రెండు తారీఖులూ చెప్తాను. 2002 సెప్టెంబరు నుంచి ఆ కేంద్రానికి సతీశ్ ధావన్ పేరే ఉంది.

రాకెట్ ఎగిరినప్పుడు మా మిద్దె మీద నుంచి కనబడుతుంది. ముందు వెలుగు, కాసేపటికి గుర్రుమని మోత. ఆ రోజుల్లో చేపల వేటకు మాత్రం సెలవు. సముద్రంలోకి పోవద్దని మత్స్యకారులకు ముందే చాటింపు. 2019 నుంచి జనం చూడటానికి గ్యాలరీ కట్టారు, ఆన్‌లైన్‌లో పేర్లు రాయించుకోవాలి. పిల్లలతో పోదగిన చోటే, కానీ అది బీచ్ కాదు. మా బుడ్డోడు తేల్చేశాడు: "అంటే ఐలాండ్ ఉంది, బీచ్ ఉంది, మనకి లేదు."

అమ్మీ కోరిన వేనాడు కూడా జజీరానే. తడ వైపు, పులికాట్ సరస్సు లోపల. అక్కడి దర్గా గంధానికి మన వాళ్ళ కన్నా హిందువులే ఎక్కువ వస్తారేమో అనిపిస్తుంది. నెల్లూరు జిల్లాలో కసుమూరు, ఏఎస్ పేట, బారాషహీద్ ఎక్కడ చూసినా ఇదే రివాజ్, అల్హందులిల్లాహ్. అదే సరస్సులో ఇరకం అని ఇంకో దీవి ఉంది, భీములవారిపాలెం నుంచి పడవలో పోతారు. అయితే ఇవన్నీ సరస్సు దీవులు. నీళ్ళు మోకాలి లోతు, అలలు ఉండవు. జియారత్‌కు బాగు, పిల్లల షౌక్ తీరదు.

సరస్సు దక్షిణపు కొసకు పోతే, తమిళనాడు హద్దులో, పులికాట్ ఊరు. తమిళంలో పళవేర్కాడు. ఈ ఊరి గురించి నేను ఇంకాసేపు మాట్లాడకుండా ఉండలేను, ఎందుకంటే దాని పేరు మన ఇంట్లోనే, దండెం మీద వేలాడుతోంది. పలయకాట్ లుంగీ! చిన్నప్పటి నుంచి ఆ మాట వింటున్నా, అది ఏదో మిల్లు పేరు అనుకున్నాను. కాదు. పళవేర్కాడు పేరే నోట్లో నలిగి పలయకాట్ అయింది. గళ్ళ బట్ట ఈ రేవు నుంచి ఓడలెక్కి మలయా, జావా దీవులకు పోయింది. అక్కడి వాళ్ళు దాన్ని ఈ ఊరి పేరుతోనే పిలిచారు. ఈ రోజుకూ మలేషియాలో ముసల్మాన్ మగవాళ్ళు మస్జిద్‌కు కట్టుకుపోయే గళ్ళ లుంగీని "కాయిన్ పెలికాత్" అంటారు. కాయిన్ అంటే బట్ట, పెలికాత్ అంటే పులికాట్. మన పక్క సరస్సు ఊరి పేరు సమందరం అవతల ప్రతి జుమాకూ నడుముకు చుట్టుకుంటున్నారన్న మాట.

ఆ తిజారత్ నడిపినవాళ్ళలో మన బిరాదరీ ఉంది. పులికాట్‌లో లబ్బై, మరక్కాయర్ ముసల్మానులు తరతరాలుగా ఉన్నారు. అరబ్బు ఓడల మీద వచ్చిన బుజుర్గుల ఔలాద్ అని తమ గురించి చెప్పుకుంటారు. అక్కడి మస్జిద్‌లో నమాజ్ వేళలు చూసుకోవటానికి నీడ గడియారం ఇప్పటికీ ఉంది. వాళ్ళ తిజారత్ బాగున్న కాలంలోనే డచ్చివాళ్ళు దిగారు. చంద్రగిరి ఏలుబడిలో ఉన్న ఆ రేవులో 1610లో ఇజాజత్ దొరికింది, 1613లో గెల్డ్రియా అనే కోట కట్టారు. ఆర్మగాన్‌లో ఇంగ్లీషువాళ్ళు అన్ని ఫిరంగులు పెట్టుకోవటానికి ఈ పొరుగు కూడా ఒక కారణం. ఆ కోట నుంచి బట్టలు పోయాయి. మనుషులు కూడా పోయారు. కరువు వచ్చిన ఏళ్ళలో ఈ తీరపు పేదలను గులాములుగా కొని డచ్చి ఓడలు తూర్పు దీవులకు మోసుకుపోయాయి. వాళ్ళ భాష తెలుగు, తమిళం. పులికాట్‌లో డచ్చివాళ్ళ ఖబ్రస్తాన్ చూడటానికి జనం పోతారు, ద్వారం మీద చెక్కిన అస్థిపంజరాలతో ఫోటోలు దిగుతారు. అమ్ముడుపోయిన వాళ్ళకు ఖబర్ లేదు, ఫాతిహా లేదు. 1640ల్లో మీర్ జుమ్లా గోల్కొండ ఫౌజ్‌తో నెల్లూరు మీదుగా దక్షిణానికి దిగినప్పుడు కూడా ఈ లెక్క ఎవరూ అడగలేదు. మన సుల్తానులు కదా అని నేను ఈ మాట దాచను. డచ్చివాళ్ళు చివరికి 1825లో పులికాట్‌ను ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళిపోయారు.

ఇంత చెప్పాక పిల్లలు అడిగారు, "మరి ఇప్పుడు ఆ ఓడలు ఏవి?" దుగరాజపట్నానికి మళ్ళీ ఓడలు వస్తాయని పెద్ద వాదా ఉంది. 2014 రాష్ట్ర విభజన చట్టంలోనే రాశారు, అక్కడ కేంద్రం పెద్ద పోర్టు కడుతుందని, 2018 చివరికల్లా మొదటి దశ పూర్తవుతుందని. ఆ తారీఖు దాటింది, ఓడ రాలేదు. రాకెట్ కేంద్రం పక్కనే పోర్టు ఏమిటన్న అభ్యంతరం ఒకటి, ఉత్తరాన కృష్ణపట్నం ఉండగా ఇది గిట్టుబాటు కాదన్న మాట ఇంకొకటి. ఈలోగా పోర్టు వస్తే భూమి పోతుందేమోనని కొందరు, రాకపోతే నౌకరీ రాదేమోనని కొందరు ఇంతెజార్‌లో ఉన్నారు. 1626లో అడగలేదు సరే, 2014లోనైనా ఆ పల్లెలను ఎవరైనా కూర్చోబెట్టి అడిగి ఉంటే ఏం చెప్పేవారో అని నాకు అనిపిస్తుంది.

సరే, ఇత్వార్ సంగతి. అమ్మీ ఇజాజత్‌తో ఫైసలా అయింది. వేనాడు జియారత్ వేరే రోజు, ఆమెతో నేను ఒక్కణ్ణే, తీరిగ్గా. ఈ ఇత్వార్ తూపిలిపాలెం బీచ్, దారిలో దుగరాజపట్నం. తూపిలిపాలెం శ్రీహరికోటకు ఉత్తరాన, జజీరా గడప లాంటిది. పులికాట్ సరస్సు సమందరంతో కలిసే ఉత్తరపు ముఖద్వారం ఈ వైపే. ఇసుక మేట వేసి అది పూడుకుపోతుంటే సరస్సులో చేప తగ్గిందని మత్స్యకారుల బాధ. ఐలాండ్ కాదు, కానీ అక్కడి ఇసుకా అదే, అలా అదే, గేటు మాత్రం లేదు.

పోయేవాళ్ళకు నా గుజారిష్ కొన్ని. ఫజర్ చదువుకుని బయల్దేరితే ఎండ ముదరకముందే ఆట అయిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి పోవద్దు, వాయుగుండాల కాలం. 1984 నవంబరు తుఫాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. తాగే నీళ్ళు, నీడకు ఒక టార్పాలిన్, చెత్తకు ఒక గోనెసంచి ఇంటి నుంచే తీసుకుపోవాలి. బగారా అన్నం, దాల్చా పట్టుకుపోండి, బిర్యానీలో ఇసుక పడితే ప్రాణం ఉసూరుమంటుంది. మా బేగం సవాలుకు జవాబు: వాకాడులో బంధువుల ఇంట్లో ఆగి పోతున్నాం.

నీళ్ళ సంగతి మాత్రం మజాక్ కాదు. ఏళ్ళ కిందట ఇంకో బీచ్‌లో మా ఖాలా కొడుకు నడుము లోతులో ఆడుతూ ఆడుతూ లోపలికి పోయాడు. అల కొట్టలేదు, కింది నుంచి నీళ్ళు లాగేశాయి. ఒడ్డు కేసి ఈదిన కొద్దీ వెనక్కే పోయాడు. వల సర్దుకుంటున్న ఇద్దరు మత్స్యకారులు దూకి, ఒడ్డుకు కాకుండా పక్కకు ఈదించి, అక్కడి నుంచి బయటికి తెచ్చారు. అదే హికమత్. లాగుడు సన్నటి పాయలా ఉంటుంది, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే దాని పట్టు వదులుతుంది. అలల మధ్య ఒకచోట మాత్రం నీళ్ళు నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తే అక్కడికే పిల్లలను పంపకండి. దిగే ముందు అక్కడి వాళ్ళను ఒక మాట అడగండి, ఈ రోజు సమందరం ఎలా ఉంది అని. ఆ తీరంలో ఇజాజత్ అడగాల్సింది వాళ్ళనే.

జుహర్ అక్కడే ఇసుక మీద చదువుకుంటాం. ఇక్కడ కిబ్లాకు నిలబడితే సమందరం వీపు వెనక ఉంటుంది. అదే సమందరానికి అవతలి ఒడ్డున పెలికాత్ కట్టుకున్న మలయా ముసల్మాన్ నమాజ్‌కు నిలబడితే వాడి ముఖం మన వైపే ఉంటుంది. ఈ మాట చెప్పగానే పిల్లలు నీళ్ళ అవతల వాళ్ళు కనపడతారా అని అడిగారు.

అబ్బా అంతా విని లేచి, తన కొత్త పలయకాట్ లుంగీ తీసి నా చేతిలో పెట్టాడు, ఇత్వార్‌కు ఇస్త్రీ చేయించమని. ఇసుకలో కూర్చోవటానికి ఇస్త్రీ ఎందుకని నేను అడగలేదు.

ఖుదా హాఫిజ్.